ఒక్కసారే తుడిచింది

బెల్లంపల్లిలో మా పాత చర్చిని కూల్చి కొత్తది కడుతున్నారు. గోడలు పడగొట్టే ముందు అటక మీది సామాను దించితే ఒక జంపఖానా దొరికిందని సుగుణ ఫోన్ చేసింది. సుగుణ నాకు చిన్ననాటి స్నేహితురాలు, మధ్యలో ఒక ఏడాది పాటు చిన్ననాటి శత్రువు, ఇప్పుడు ఆ రెండూ కాకుండా క్రిస్మస్‌కి క్రిస్మస్‌కి ఫోన్ చేసే మనిషి. ఎండాకాలంలో ఆమె పేరు ఫోన్ మీద కనబడేసరికి ఎవరో పోయారనుకుని కుర్చీలో కూర్చుని మరీ ఎత్తాను. “ఎవలు పోతరే, పోయేటోళ్ళందరు ఎన్నడో పోయిన్రు. ఇగ మిగిలింది మనిద్దరమే,” అంది. “జంపఖానా నడుమ కుట్టు అట్లనే ఉన్నది. పారేస్తమంటున్రు పోరగాండ్లు. వచ్చి చూస్తవా?” అంది. ఆ శనివారమే కరీంనగర్‌లో బస్సెక్కాను.

ఆ జంపఖానా గురించి చెప్పాలంటే ముందు దాని కొలత చెప్పాలి. ఒక చివర కూర్చున్నవాళ్ళు ప్రార్థన మొదలుపెడితే రెండో చివర వాళ్ళ ఆమెన్ మరుసటి ఆదివారానికి చేరేది. దాన్ని దులపడానికి ముప్పైమంది మగవాళ్ళు కావాలి. దులిపితే లేచిన దుమ్ము చూసి గోదావరి అవతల రైతులు మబ్బు పట్టిందని విత్తనాలు బయటికి తీసేవాళ్ళు. సరే, అంత కాదు. ఎరుపు, నీలం చారల మామూలు నూలు జంపఖానా. నలుగురు పట్టుకుంటే దులపొచ్చు. ఉన్నదాన్ని ఉన్నంతలో చెప్పడం నాకు పుట్టుకతోనే రాలేదు. ఆ గుణం మీద ఇన్నేళ్ళు అన్నం తిన్నాను. పత్రికలవాళ్ళు దాన్నే హాస్యమని అచ్చేశారు. అదే గుణం ఒకప్పుడు ఏం చేసిందో మాత్రం ఎక్కడా రాయలేదు. అది ఇక్కడ రాయాలి. అందుకని పెంచిన చోట పెంచానని అక్కడే చెప్పేస్తాను. చెప్పని చోట నమ్మండి.

నేను బాపు అని పిలిచే మా నాన్న బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. మాకిచ్చిన క్వార్టరులో ఒక గది, ఒక వంటగది, ఆ రెంటి మధ్య బాపమ్మ. నన్ను కన్న అవ్వ నాకు అడుగులు రాకముందే పోయింది కాబట్టి నన్ను పెంచిందీ, కొట్టిందీ, ప్రార్థన నేర్పిందీ బాపు తల్లి అయిన ఈ బాపమ్మే. తెల్లవారకముందే కాలనీలో ప్రతి గడప ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్ళు. ఆ పచ్చి పొగ గొంతులో గరగరమంటుంటే దాని వెనకే జొన్నరొట్టె కాలే వాసన వచ్చేది. ఇప్పటికీ ఏ రైలు కట్ట దగ్గరో బొగ్గు పొగ తగిలితే నాకు దగ్గు రాదు, ఆకలి వేస్తుంది. మా కాలనీలో తెల్లకోడి పెట్టిన గుడ్డులో కూడా నల్లకోడే ఉండేది. ఇది పెంచాను. బాపు షిఫ్టు దిగి వస్తే కళ్ళు, పళ్ళు తప్ప మనిషి కనబడేవాడు కాదన్నది పెంచింది కాదు. బాపమ్మ కాగిన నీళ్ళు పోస్తుంటే మొదటి బిందెకు మెడ, రెండో బిందెకు వీపు బయటికి వచ్చేవి. చెవుల వెనక నలుపు మాత్రం ఏ బిందెకూ లొంగలేదు. ఆయనతోనే మట్టిలోకి పోయింది.

బాపమ్మ కొంగుకు ఒక ఇంటికి కావాల్సిన పనులన్నీ వచ్చు. పళ్ళెం తుడిచేది, పీట తుడిచేది, నా ముక్కు తుడిచేది, బైబిలు మీది బొగ్గు దుమ్ము తుడిచేది, తొందరలో ఉంటే అదే వరుసలో. అక్షరం ముక్క రాదు గానీ రోజూ పొద్దున్నే బైబిలు దించి, అట్ట తుడిచి, మళ్ళీ గూట్లో పెట్టేది. “సదివేటోళ్ళు సదువుతరు, నేను తుడుస్త. రెండు దేవుని పనే,” అనేది.

మా తాతలది పెద్దపల్లి అవతల ఒక పల్లె. ఊరికి ఎడంగా రెండు వాడలు. ఒకటి మాది, ఒకటి సుగుణ వాళ్ళది. ఏ వాడ పేరేమిటో రాయను. రాస్తే చదివేవాళ్ళు ముందు తాము ఎవరి పక్కన నిలబడాలో చూసుకుని ఆ తర్వాత చదువుతారు. ఊరు ఆ రెండు వాడలనూ ముట్టుకునేది కాదు. ఆ రెండు వాడలూ ఒకదాన్నొకటి ముట్టుకునేవి కావు. ఊరి బావి మాకెంత దూరమో మా బావి సుగుణ వాళ్ళకు అంత దూరం. బాయి పని దొరికి రెండు వాడల నుంచీ మనుషులు బెల్లంపల్లి వచ్చారు. వచ్చేటప్పుడు చాపలు, చెంబులు, కోళ్ళగంపలు తెచ్చుకున్నారు. తేకూడనిది కూడా ఒకటి మూటల్లో కలిసి వచ్చింది. దాన్ని ఎవరూ విప్పి చూసుకోలేదు.

చర్చిలో మాత్రం ఒకే జంపఖానా, ఒకే గిన్నె. మా పాస్టరు దేవదానం అయ్యగారు ఎంత సన్నగా ఉండేవారంటే, గాలి వీచే రోజున చేతిలో బైబిలు బరువే ఆయనను నేల మీద ఆపేది. అంత సన్నటి మనిషికి ఒకే ఒక్క గర్వం, ఆ గిన్నె. నెలకోసారి బల్ల ఆదివారం, అంటే ప్రభువు భోజనం నాడు అయ్యగారి భార్య నల్ల కిస్మిస్ ఉడకబెట్టి రసం తీసేది. రొట్టె ముక్కలు పంచాక అయ్యగారు గిన్నెను మొదటి వరుసకు ఇచ్చి పక్కకు తప్పుకునేవారు. అది చేతి నుంచి చేతికి, నోటి నుంచి నోటికి పోవాలి. తుడవకూడదు. “ఒక్క గిన్నె, ఒక్క నోరు. పెదవి పెదవికి లెక్క చూసుకునేటోడు ఇంట్ల తాగవచ్చు,” అనేవారు. ఆడవాళ్ళ వైపు రూతమ్మ పక్కన మా బాపమ్మ కూర్చునేది. రూతమ్మ సుగుణకు నాయనమ్మ. గిన్నె రూతమ్మ నోటి నుంచి బాపమ్మ నోటికి రావాలి. అందరికంటే చివర గడప పక్కన వట్టి నేల మీద బాలమ్మ కూర్చునేది. కాలనీ పాయఖానాలు కడిగే మనిషి. జంపఖానా అంచు ఆమెకు జానెడు దూరంలో ఆగిపోయేది. అంత పొడవైన జంపఖానా అక్కడే ఎందుకు చాల్లేదో ఎవరూ అడగలేదు. గిన్నె ఆమెకు చివర వచ్చేది. ఆమె తర్వాత తాగేవాళ్ళు ఎవరూ ఉండేవాళ్ళు కారు.

బల్లకు ముందు ఒప్పుకోలు ఉండేది. అందరూ కళ్ళు మూసుకుని, మేము పాపం చేశామని గట్టిగా చెప్పాలి. బాపమ్మకు ఈ ‘మేము’ నోరు తిరగలేదు. ఎన్నిసార్లు చెప్పినా “మనం పాపం చేసినం తండ్రీ” అనే అనేది. నేను నోరు మూసుకుని నవ్వేదాన్ని. ఒకరోజు అయ్యగారు మా ఇంటికి చాయ్ తాగడానికి వచ్చి మెల్లగా కదిపారు.

“మార్తమ్మా, దేవుని ముంగట మేము అనాలె. మనం అంటే పాపంల దేవుణ్ణి గూడ కలుపుకున్నట్టయితది.”

“కలుపుకుంటే ఏమైతదయ్యా? ఎప్పటికి తోడుంటడని మీరే చెప్తిరి. మంచికి తోడుండి పాపానికి పక్కింట్ల కూసుంటడా?”

“గట్ల కాదు…”

“చాయ్ సల్లారుతుంది, తాగున్రి.”

అయ్యగారు తాగారు. ఇలాంటి వ్యాకరణం పట్టుకుని వాదించిన మనిషే తర్వాత ఒక ఆదివారం ఆ పని చేసింది. నేను సరిగ్గా ఆమె వెనకే కూర్చున్నాను. రూతమ్మ తాగి గిన్నె అందించింది. బాపమ్మ కుడిచేత్తో అందుకుంది. ఎడమచెయ్యి కొంగు పట్టుకుని పైకి లేచింది, అంచు మీద ఒక్కసారి తిరిగింది, దిగింది. తాగింది. రెప్ప వేసి తెరిచేంతసేపు. అయ్యగారు చూడలేదు. మగవాళ్ళు చూడలేదు. బాపమ్మే చూడలేదంటాను నేను. ఆమె కళ్ళు మూసుకునే ఉన్నాయి.

అక్కడితో ఆగితే అది ఒక ముసలిదాని చేతికీ దేవుడికీ మధ్య ఉండిపోయేది. నేను ఆగనివ్వలేదు. మర్నాడు సాయంత్రం కాలనీ నల్లా దగ్గర ఎనిమిదిమంది ఆడపిల్లలం బిందెలతో వరుసలో ఉన్నాం. నీళ్ళు సన్నగా వస్తున్నాయి. అందరికీ విసుగ్గా ఉంది. వరుసలో నిలబడ్డవాళ్ళను నవ్వించడం నా ఉద్యోగమని అప్పటికే నిర్ణయమైపోయింది. బిందె నెత్తికెత్తి, కొంగు లేని గౌనుకు కొంగు ఉన్నట్టు పట్టుకుని, బాపమ్మలా మూతి ముడిచాను.

“మా బాపమ్మ గిన్నెను మూడుసార్లు తుడిసిందే! ఒకపారి తండ్రి పేరిట, ఒకపారి కుమారుని పేరిట, ఒకపారి పరిశుద్ధాత్మ పేరిట! ముక్కు మూసుకొని తాగి, ఇంటికొచ్చి ఉప్పు పెట్టి నోరు కడుక్కున్నది!”

పిల్లలు నవ్వి నవ్వి బిందెలు దించేశారు. నా జీవితంలో తర్వాత ఎన్ని సభల్లో నవ్వించానో, అంత నవ్వు మళ్ళీ వినలేదు. సుగుణ కూడా నవ్వింది, మొదటి రెండుసార్ల దాకా. “ఎవల తర్వాత తాగింది?” అని ఎవరో అడిగారు. నేను చెప్పనక్కరలేదు. ఆడవాళ్ళ వరుస అందరికీ తెలుసు. సుగుణ సగం నిండిన బిందెను నల్లా కింద అట్లాగే వదిలేసి ఇంటికి పోయింది. బిందె నిండి, పొర్లి, నా కాళ్ళ మీదికి పారేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను.

చీకటి పడకముందే సామేలు కాక మా గడపలోకి వచ్చాడు. రూతమ్మ కొడుకు, సుగుణ తండ్రి, బాయిలో మా బాపుకు జోడి. పదేళ్ళుగా ఇద్దరూ ఒకే చోట బొగ్గు ఎత్తుతున్నారు. ఎప్పుడొచ్చినా తిన్నగా వంటగదిలోకి పోయి రొట్టె తుంచుకునే మనిషి ఆ రోజు గడప దాటలేదు.

“యోహన్నా, పోరగాండ్లు ఏందో అంటున్రు. నిజమేనా?”

బాపు తల్లి వైపు తిరిగాడు. “తుడిసినవానే?”

బాపమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట కింద పెట్టింది. “తుడిసిన,” అంది.

ఎన్నిసార్లు అని ఎవరూ అడగలేదు. నేను తలుపు వెనక నిలబడి, అడిగితే చెబుదామని చూశాను. అడగకపోతే చెప్పాల్సిన పనిలేదని సంతోషించాను కూడా. సామేలు కాక చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి బాపమ్మను నేనే అడిగాను, ఎందుకు తుడిచావని. రూతమ్మ పెదవికి తంబాకు ఉందనో, ఎంగిలి కారిందనో ఏదైనా ఒకటి చెబుతుందనుకున్నాను. “చెయ్యి దానంతటదే పోయింది బిడ్డా. అది మా అవ్వ చెయ్యి. నాకంటె ముసల్ది,” అంది.

రెండు వారాల్లో చర్చి రెండు ముక్కలైంది. మూడుసార్లు తుడిచిన మాట కాలనీ చుట్టి వచ్చేసరికి ఏడుసార్లయింది. ఉప్పు కాస్తా పసుపునీళ్ళయింది. మావాళ్ళు, “అయితే ఏంది?” అన్నారు. అంతకంటే పాడు మాట లేదు. రూతమ్మ వాళ్ళు రోడ్డవతల రేకుల షెడ్డు వేసుకున్నారు. ఉన్న సామాను పంచుకోవాలన్నారు. డోలకు వాళ్ళకు, హార్మోనియం మాకు. జంపఖానా దగ్గర ఎవరూ తగ్గలేదు. చివరికి దర్జీ కత్తెర తెప్పించి నడిమికి కోశారు. అటు నలుగురు, ఇటు నలుగురు పట్టుకుని గుంజుతుండగా కోయడం వల్ల కోత తిన్నగా రాలేదు. పాము పాకినట్టు వంకరలు తిరిగింది. మనుషులను కూడా ఇటెవరు అటెవరు అని పేర్లు చదివి పంచుకున్నారు. బాలమ్మ పేరు ఇటూ చదవలేదు, అటూ చదవలేదు. ఆమె ఒక వారం మా గడప పక్కన, ఒక వారం షెడ్డు గడప పక్కన కూర్చునేది.

గిన్నె పంచుదామని వచ్చినప్పుడు అయ్యగారు ఎప్పుడూ లేనంత గట్టిగా మాట్లాడారు. “దీనికి కత్తెర లేదు. కలిసి ఒప్పుకున్న దినం కలిసి తాగుతరు. అప్పటిదాంక ఎవలకు బల్ల లేదు.” గిన్నెను గుడ్డలో చుట్టి తన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు. పొద్దున ఇక్కడ, పదింటికి అక్కడ, ఒకే ప్రసంగం రెండుసార్లు చెప్పేవారు. మేము పాడితే వాళ్ళకు వినబడాలని పాడేవాళ్ళం, వాళ్ళు కొడితే మా హార్మోనియం మునిగిపోవాలని డోలకు కొట్టేవాళ్ళు. ఆ ఏడాది బెల్లంపల్లిలో దేవుడికి చెవుడు వచ్చి ఉంటుంది. బయటివాళ్ళు మాత్రం, ఈళ్ళకు భక్తి బాగా పెరిగిందనుకున్నారు.

బాపమ్మ ఒక్కతే పాడటం మానేసింది. ఆమెకు బల్ల లేకుండా చచ్చిపోతానేమోనని భయం. ప్రతి నెలా మొదటి ఆదివారం తెల్లచీర కట్టుకుని, బల్ల లేదని తెలిసీ చేతులు చాచి కూర్చుని, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చేది. నేను ఒక్క మాట చెబితే కొంచెమైనా తగ్గుతుందేమో. మూడు కాదు, ఒకటే. చెబితే అబద్ధాలకోరునవుతాను. నవ్వించే పిల్లగా ఉండటం నాకు బాగుంది. నోరు మూసుకున్నాను.

సైరన్ మోగాల్సిన వేళ కాని వేళ మోగితే బొగ్గు ఊళ్ళలో ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు. బడిలో పొద్దుటి లెక్కల పాఠం నడుస్తుండగా మోగింది. టీచరు సుద్దముక్క కింద పడేసి ఆమే ముందు పరుగెత్తింది. ఆమె భర్త కూడా మొదటి షిఫ్టే. నేను రోడ్డుకు ఇటువైపు, సుగుణ అటువైపు పరుగెత్తాం. అంత భయంలోనూ రోడ్డు దాటి పక్కపక్కన పరుగెత్తాలని ఇద్దరికీ తోచలేదు. బాయి గేటు దగ్గర బాపమ్మ ఒక స్తంభం పట్టుకుని, రూతమ్మ రెండో స్తంభం పట్టుకుని నిలబడ్డారు. లోపల పైబండ కూలిందన్నారు. ఎవరి పేరూ చెప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి బాపు పైకి వచ్చాడు, తన కాళ్ళ మీద తానే నడిచి. చేతిలో నీళ్ళ డబ్బా ఉంది. బాపమ్మ వైపు రాలేదు. తిన్నగా రూతమ్మ ముందుకు పోయి ఆ డబ్బా ఆమె కాళ్ళ దగ్గర పెట్టి కూలబడ్డాడు. ఆ వెనకే స్ట్రెచరు వచ్చింది.

మా చర్చిలో ఎవరు పోయినా శవపెట్టెను జంపఖానా మీద దించి, ప్రార్థన చేసి, అప్పుడు సమాధుల తోటకు తీసుకెళ్ళడం ఆచారం. మర్నాడు పొద్దున సామేలు కాక పెట్టెను మోసుకొచ్చినవాళ్ళు రోడ్డు మధ్యలో ఆగిపోయారు. ఎడమకు షెడ్డు, కుడికి చర్చి. షెడ్డులో పెట్టె పడితే మనుషులు పట్టరు. రూతమ్మ అంతదాకా ఏడవలేదు. అయ్యగారి ముందుకు వచ్చి నిలబడింది.

“అయ్యా, నా కొడుకును ఏ సగం మీద పండవెడ్తరు?”

బాపు గుంపులోంచి బయటికి వచ్చి షెడ్డులోకి పోయాడు. వాళ్ళ సగం జంపఖానా చుట్టి భుజాన వేసుకుని రోడ్డు దాటి, చర్చిలో మా సగం పక్కన పరిచాడు. వంకర కోత కాబట్టి తిన్నగా పెడితే కలవలేదు. మోకాళ్ళ మీద వంగి, అటు జరిపి, ఇటు జరిపి, ఏ వంపు ఏ వంపులో కూర్చుంటుందో వెతికాడు. సంచిలో బొగ్గు సర్దినంత ఓపిగ్గా సర్దాడు. అంతసేపూ పెట్టె మోసేవాళ్ళు దించకుండా మోస్తూనే నిలబడ్డారు. చివరికి కోత మూసుకుంది. పెట్టెను సరిగ్గా దాని మీద దించారు.

అయ్యగారు పుస్తకం తెరిచి మళ్ళీ మూసేశారు. “పాట తర్వాత పాడుదాం. ముందుగాల ఒప్పుకోలు,” అన్నారు. పుస్తకం లేకుండా ఒప్పుకోవడం మాకెవరికీ అలవాటు లేదు. ముందుగా బాపు కూర్చున్నచోటే మాట్లాడాడు. గొంతులో ఇంకా బొగ్గు పొడి ఉంది.

“వాని కాళ్ళు బండ కిందవడ్డయి. నేను ఇవతల చిక్కిన. డబ్బల ఇన్ని నీళ్ళున్నయి. వాడు తాగి నాకిచ్చిండు, నేను తాగి వానికిచ్చిన. ఏడాది సంది గిట్లనే తాగుతున్నం. పైన మా ఇద్దరికి మాటల్లేవు. కింద డబ్బ ఒక్కటే. కింద చీకటి గద, ఎవల నోరో కనవడది. ఆఖరుకు ఒక్క గుక్క మిగిలింది. నువ్వు తాగురా అన్న. నువ్వే తాగు, నువ్వు పైకి పోవాలె అన్నడు. తాగిన.”

బాపమ్మ లేచింది. బలిపీఠం వైపు కాదు, ఆడవాళ్ళ వైపు తిరిగింది. “రూతమ్మా, నువ్వు నోరు పెట్టిన గిన్నెను నేను తుడిసిన. కావాల్ననే తుడిసిన్నో, చెయ్యే పోయిందో, నా చెయ్యే గద. నేనే తుడిసిన.” తర్వాత అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుంది. “మనం పాపం చేసినం తండ్రీ…”

షెడ్డు వాళ్ళల్లోంచి ఒకామె అందుకుంది. “మనమంటవేంది? నువ్వు చేసినవు. మీరు చేసిన్రు. మమ్ముల కలుపకు!”

ఆమె అన్నది న్యాయం. బాపమ్మ కళ్ళు తెరిచి తలూపింది. “అవ్ బిడ్డా. నేను చేసిన,” అని కూర్చోబోయింది. అప్పుడు పెట్టె తలవైపు కూర్చున్న రూతమ్మ చెయ్యెత్తింది.

“ఉండు అక్కా, కూసోకు. నా కొడుకు మీద చెయ్యి పెట్టి నేను గూడ చెప్త. అగో, గా గడప కాడ ఎవలు కూసున్నరు? జంపఖానా మీద కూసోకు, దిగి కూసో అని బాలమ్మతోని అన్నది మీ వాడోళ్ళు కాదు. నేను. జంపఖానా కొత్తగ పరిసిన దినం, ఈ నోటితోనే అన్న. నువ్వు నా నోరు తుడిస్తే నాకు మంటవెట్టింది. నేను గా మనిషినే తుడిసేసిన.” అప్పుడు తనవాళ్ళ వైపు తిరిగింది. “‘మనం’ అననియ్యిన్రి దాన్ని.”

అయ్యగారు ఈసారి వ్యాకరణం దిద్దలేదు. బాలమ్మను లోపలికి రమ్మన్నారు. “నా కాళ్ళు మంచిగ లెవ్వయ్యా,” అందామె. రూతమ్మ లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పెట్టె పక్కన కోత మీద కూర్చోబెట్టింది. అప్పుడు నా కాళ్ళు నన్నడగకుండానే లేచాయి. వందమంది ముందు, చచ్చిపోయిన సామేలు కాక ముందు చెప్పాను.

“మూడుసార్లు కాదు. ఒక్కసారే తుడిసింది. ముక్కు మూసుకోలె. ఉప్పు లేదు. నేనే కలిపి చెప్పిన.”

నా మనసులో అది సమస్త పాపాల ఒప్పుకోలు. ఇప్పుడు అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు, అదా సంగతి అంటారు, ఒకటే కదా అంటారు అనుకున్నాను. రూతమ్మ నా వైపు చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

“నాకెరికే బిడ్డా. నేను చూసిన గద. ఎవలకు చెప్పలె, కడుపుల పెట్టుకున్న. ఒక్కపారైతే ఏంది, మూడుపార్లైతే ఏంది? ఒక్కపారి సాలదా?” అంది. మళ్ళీ పెట్టె మీద చెయ్యి పెట్టి, “కడుపుల పెట్టుకున్నదాన్ని నువ్వు నల్లా కాడ పోసినవు,” అంది.

ఆ వాక్యం కింద నేను ఇప్పటికీ కూర్చునే ఉన్నాను. తర్వాత అందరూ ఒక్కసారే ఎవరికి తోచింది వాళ్ళు ఒప్పుకున్నారు, ఏడ్చారు. ఏది ఎవరి పాపమో వినబడలేదు. ‘మనం’ అన్న మాట మాత్రం మళ్ళీ మళ్ళీ వినబడింది. పాట మొదలైతే డోలకు, హార్మోనియం ఏడాది తర్వాత ఒకే పాటకు వచ్చాయి. శ్రుతి కలవలేదు. ఎవరూ ఆగలేదు.

ఆ వారమే బాపమ్మ ఒక చివర నుంచి, రూతమ్మ రెండో చివర నుంచి దబ్బనం, పురికొస పట్టుకుని జంపఖానా కుట్టుకొచ్చారు. బాపమ్మవి పెద్ద కుట్లు, రూతమ్మవి దగ్గర కుట్లు. మధ్యలో కలిసేసరికి ఒకవైపు గుడ్డ మిగిలిపోయి చిన్న బుడిపె లేచింది. విప్పి మళ్ళీ కుడదామంది బాపమ్మ. “ఉండనియ్యి అక్కా, కాలుకు తగలాలె,” అంది రూతమ్మ. తర్వాతి ఆదివారం అయ్యగారు గిన్నె బయటికి తీశారు. బాపమ్మ కొంగును నడుము చుట్టూ తిప్పి, బిగించి, దోపుకుని, పొలంలోకి నాట్లకు పోతున్నట్టు వచ్చింది. రూతమ్మ గిన్నె అందుకుని, తను తాగకుండా, “ముందుగాల బాలమ్మ,” అంది. బాలమ్మ తాగింది. రూతమ్మ ఆ గిన్నె వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసింది, తాగింది. బాపమ్మకు ఇచ్చింది. నేను వెనకే ఉన్నాను. బాపమ్మ ఎడమచెయ్యి లేచి, నడుము దగ్గర కొంగు కోసం వెతికింది. దొరకలేదు. చెయ్యి ఖాళీగా పైకి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక, గిన్నె అడుగున పట్టుకుంది. తాగింది.

దీని తర్వాత రెండు వాడలూ పాలూ నీళ్ళలా కలిసిపోయాయని రాస్తే అది నా పాత రోగం. రెండు వాడల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకున్నవాళ్ళు నాకు తెలిసి లేరు. పోట్లాడుకున్నారు, అలిగారు, కానీ కత్తెర మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బాపు మళ్ళీ బాయి దిగాడు. దిగక ఏం చేస్తాడు. డబ్బాలో నీళ్ళు సగమే తాగి, సగం రోజూ వెనక్కి తెచ్చి గడప ముందరి మల్లె మొక్కకు పోసేవాడు. దగ్గు పెరిగి, ఒక వానాకాలం ఆ సగం కూడా తాగలేకపోయాడు. బాపమ్మ ఒక నెల బల్ల తీసుకున్న నాలుగో రోజున పోయింది. ఆమె భయపడినట్టు కాలేదు.

మొన్న నేను వెళ్ళేసరికి ఆ బాయి మూసి ఉంది. మా క్వార్టరుకు కప్పు లేదు. నల్లా ఉన్నచోట ఇనప గొట్టం ఒకటి నేలలోంచి లేచి ఉంది. కూల్చిన చర్చి పక్కన షామియానా వేసి ఆరాధన పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీకి కుర్చీకి మధ్య మర్యాదైన ఖాళీ. కొత్త పాస్టరు మంచి పిల్లవాడు, మైకులో చక్కగా మాట్లాడాడు. ఒప్పుకోలు తెర మీద అక్షరాల్లో వచ్చింది. అందరం చూసి చదివాం, ‘మేము’ అనే. ఎవరూ తప్పు చదవలేదు. బల్ల వచ్చింది. పళ్ళెంలో వేలెడంత ప్లాస్టిక్ గ్లాసులు, మనిషికొకటి, తాగి పారేసేవి. శుభ్రంగా ఉన్నాయి. ఆ కరోనా వచ్చిపోయినప్పటి నుంచీ ఇంతేనని సుగుణ చెప్పింది. ఎవరి నోరు ఎవరికీ తగలదు. తుడిచే పని లేదు. తుడవకుండా ఉండే పని కూడా లేదు.

జంపఖానాను మడిచి సుగుణ తన కుర్చీ కింద పెట్టుకుని, బుడిపె మీద కాలు ఆనించుకుని కూర్చుంది. చూపు ముందుకే ఉంచి, “నిజం చెప్పవే. ఇప్పుడు ఎవలు లేరు. ఎన్నిపార్లు తుడిసింది?” అని గుసగుసగా అడిగింది.

“ఒక్కపారే.”

“నీ మాట ఎట్ల నమ్మాలె?” అంది. నవ్వలేదు. తన చిన్న గ్లాసు ఎత్తి సగం తాగింది. మిగిలిన సగాన్ని నా వైపు చాచింది. వెనక కుర్చీలో ఎవరో మెడ చాపి చూశారు. ఈ వయసులో, ఇంత చదివి, ఇంత రాసి, రెండు వాడల గురించి ఎన్నో వేదికల మీద ఉపన్యాసాలిచ్చిన మనిషిని నేను. గ్లాసు కుడిచేత్తో అందుకున్నాను. తాగాను. తాగానని రాసి ఇక్కడ ముగిస్తే అందంగా ఉంటుంది. కానీ తాగే ముందు నా ఎడమచెయ్యి లేచి కొంగు దాకా పోయింది. సుగుణ చూసింది.

ఒక్కసారే.